ప్రొటీన్ ఏం చేస్తుందో దాని లంకెలు చూసి చెప్పొచ్చా? మన రొయ్యకి, మన వరికి ఇది అక్కరకొస్తుందా?

కావలి_మాస్టారు:
పోయిన వారం వెనామీ రొయ్య సీడ్ (గుంటలో వదిలే పిల్లలు) మీద చర్చ నడుస్తుంటే మధ్యలో ఒకరు, "ఇక ల్యాబుల్లో ఒక్కో ప్రొటీన్ వెంట పడాల్సిన పని లేదు, నెట్‌వర్కే చెప్పేస్తుంది" అని రాసి వెళ్లిపోయారు. ఆ మాట మీద విడిగా మాట్లాడుకోవాలని ఈ చర్చ పెడుతున్నాను.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరం. జన్యుక్రమం చదివితే జన్యువుల జాబితా చేతికొస్తుంది కానీ అవి చేసే పని తెలియదు. 2016లో అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం కేవలం 473 జన్యువులతో బతికే కణాన్ని తయారుచేసింది. అక్కర్లేనివన్నీ తీసేశాక మిగిలిన వాటిలోనే 149 జన్యువులు ఏం చేస్తాయో వాళ్లకు అంతుపట్టలేదు. 2019లో వెలువడిన వెనామీ జన్యుక్రమంలో ప్రొటీన్ జన్యువులు 25,596. అక్కడ తెలియనివి ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

తెలియని ప్రొటీన్ దేనితో అతుక్కుంటుంది, ఏ జన్యువు జోరుగా నడిచేటప్పుడు ఇదీ నడుస్తుంది, ఏయే జీవుల్లో రెండూ ఉన్నాయి, ఏయే జీవుల్లో రెండూ కలిసి మాయమయ్యాయి అని చూసి లంకెలు గీస్తారు. అదే నెట్‌వర్క్. దీని సత్తాకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. మైటోకాండ్రియాలోకి కాల్షియం వెళ్లే దారి ఉందని 1960ల నుంచీ తెలుసు, ఆ దారి ఏ ప్రొటీన్‌దో మాత్రం దాదాపు యాభై ఏళ్లు దొరకలేదు. ఆ దారి మనలో ఉంది, నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమ్‌లో ఉంది, రొట్టెలకు వాడే ఈస్ట్‌లో లేదు. అమెరికాలో వంశీ మూతా అనే శాస్త్రవేత్త బృందం సరిగ్గా ఇదే వరుసలో ఉంటూ, లేకుండా పోతూ వచ్చే జన్యువుల కోసం వెతికింది. 2010లో మైకు1 అనే ప్రొటీన్ దొరికింది, దాని లంకె పట్టుకుని పోతే 2011లో అసలు కాలువ ఎంసీయూ దొరికింది. అదే ఏడాది ఇటలీ బృందం కూడా దాన్నే పట్టుకుంది.

నా ప్రశ్న ఇదీ. మనిషి విషయంలో పనిచేసిన ఈ పద్ధతి మన గుంటల్లో రొయ్యకి, మన మళ్లలో వరికి ఎంతవరకు పనిచేస్తుంది?

వింజమూరు_డేటా:
మాస్టారూ, ఆ మాట రాసింది నేనే. వెనక్కి తీసుకోను.

వరి సంగతి చూడండి. 2005లో పూర్తయిన జన్యుక్రమం ప్రకారం 37,544 జన్యువులు. ఒక్కొక్కదాన్నీ ఆపి మొక్క ఏమవుతుందో చూస్తూ కూర్చుంటే మన మనవళ్ల కాలానికి కూడా తేలదు. 2011లో రైస్‌నెట్ అని ఒక నెట్‌వర్క్ కట్టారు. వరి సమాచారం ఒక్కటే సరిపోదని మొక్కలు, జంతువులు, ఈస్ట్, మనిషి కలిపి అయిదు జీవుల నుంచి 24 డేటా సెట్లు తీసుకున్నారు. ఈస్ట్‌లో రెండు ప్రొటీన్లకు లంకె ఉంటే, వరిలో వాటి సరిజోడీలకు కూడా ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టారు. అలా ఆకు ఎండు తెగులును తట్టుకునే ఎక్స్ఏ21 అనే జన్యువు చుట్టూ వెతికితే మూడు కొత్త జన్యువులు బయటపడ్డాయి. రెండు ఆ తట్టుకునే శక్తిని పెంచేవి, ఒకటి తగ్గించేది. మొక్కలో పరీక్షించి మరీ నిర్ధారించారు.

ఇప్పుడు స్ట్రింగ్ అనే డేటాబేస్‌లో 12,535 జీవుల ప్రొటీన్ల లంకెలు ఉచితంగా ఉన్నాయి. మా ఊళ్లో కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. ఒకప్పుడు ఇది పెద్ద ఊళ్లలో పెద్ద సంస్థలకే దక్కేది. అందుకే నాకు ఇది ముఖ్యం.

కోవూరు_వరి:
ఎక్స్ఏ21 అంటే మెరుగైన సాంబా మసూరిలో పెట్టింది అదేనా?

వింజమూరు_డేటా:
అవునన్నా, అదే. ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21 మూడూ కలిపి పెట్టిన రకం. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి చేసి 2008లో వదిలారు.

కోవూరు_వరి:
2008 అంటే మీ రైస్‌నెట్ రాకముందే. మరి విత్తనం నెట్‌వర్క్ లేకుండానే వచ్చినట్టే కదా?

అల్లూరు_గుంటలు:
నేను కూడా అదే అడగబోతున్నా. నాకు సైన్సు పెద్దగా రాదు, ఇంటర్‌తో ఆగిపోయా. రొయ్య మాత్రం తెలుసు. వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు మా నాయన అప్పులపాలైన సంగతి చూశా. ఇప్పుడు నేను వెనామీ వేస్తున్నా, ఈహెచ్‌పీతో పడుతున్నా, అదే రొయ్యను ఎదగనీయని పరాన్నజీవి.

పోయిన పంటకి సీడ్ తెచ్చిన హేచరీ వాళ్లు పరీక్ష కాగితం చూపించారు, ఈహెచ్‌పీ లేదన్నారు, మంచి జన్యువుల తల్లి రొయ్యలు అన్నారు, రేటు కూడా ఎక్కువే పెట్టారు. రెండు నెలలు దాటినా వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దగ్గరే ఆగింది. గుంటలో మేత చూసుకునే చెక్‌ట్రే ఎత్తితే ఎనిమిది గ్రాములది ఒకటి, పద్దెనిమిది గ్రాములది ఒకటి. మేత మాత్రం ఎప్పట్లాగే తినేస్తున్నాయి. చివరికి వచ్చిన రేటుకి పట్టుబడి చేసేశా. అప్పటి నుంచి "జన్యువులు చెబుతున్నాయి" అనే మాట ఎవరన్నా నాకు నమ్మకం లేదు.

ఇంకో మాట. సంతలో నా పక్కన నిలబడ్డవాడు పశువుల బేరగాడైతే నేనూ పశువులు అమ్ముతున్నట్టేనా? పక్కన ఉన్నదాన్ని చూసి పని చెప్పడమేంది?

వింజమూరు_డేటా:
అన్నా, మీకు జరిగింది మోసం కావచ్చు, సీడ్ పరీక్షలో పొరపాటు కావచ్చు, సీడ్ బాగుండి గుంటలోంచే అంటుకుని కూడా ఉండొచ్చు. దానికీ నెట్‌వర్క్‌కీ సంబంధం లేదు. పక్కన నిలబడితే చాలని మేమూ అనం. 2000లో ఈస్ట్ మీద చేసిన పని చూడండి. ఇప్పటికే పని తెలిసిన 1,393 ప్రొటీన్లు తీసుకుని, వాటి పని తెలియనట్టు దాచిపెట్టి, అవి అతుక్కునే భాగస్వామి ప్రొటీన్లను బట్టి ఊహించారు. నూటికి 72 సరిగ్గా వచ్చాయి.

ఒంగోలు_ల్యాబ్:
ఆ 72 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అది పని తెలిసిన ప్రొటీన్ల మీద, అదీ పని తెలిసిన భాగస్వామి కనీసం ఒకటి ఉన్నవాటి మీద చేసిన లెక్క. భాగస్వామి ఎవరో కూడా తెలియని ప్రొటీన్ అందులో లేదు. మన సమస్య ఆ తెలియని వాటితోనే కదా.

ఇక లంకెల సంగతి. ఈస్ట్ టూ-హైబ్రిడ్ అని ఒక పద్ధతి ఉంది, నేను నా పీహెచ్‌డీలో ఎక్కువగా చేసింది అదే. రెండు ప్రొటీన్లను ఈస్ట్ కణంలో పెడతాం, అవి అతుక్కుంటే ప్లేటు మీద కాలనీ పెరుగుతుంది. వినడానికి తేలికే. చేస్తే తెలుస్తుంది. ఏ భాగస్వామీ లేకుండా ఒంటరిగా పెట్టినా కాలనీ పెంచే ప్రొటీన్లుంటాయి, వాటిని ఏరిపారేయడానికే నెలలు పోతాయి. 2002లో అప్పటిదాకా ఈస్ట్‌లో రకరకాల పద్ధతులతో వచ్చిన దాదాపు 80,000 లంకెలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటికి మించిన పద్ధతులు ఒప్పుకున్నవి 2,400 దాకా మాత్రమే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా తరచి చూసిన జీవుల్లో ఈస్ట్ ఒకటి, దాని పరిస్థితే అది.

2012లో గిల్లిస్, పావ్లిడిస్ అనే పరిశోధకులు ఇంకా లోతుగా చూశారు. నెట్‌వర్క్‌లో పని గురించిన సమాచారమంతా ఏ కొద్ది లంకెల్లోనో ఇమిడి ఉంటుంది, మిగతా వేల లంకెల గురించి ఆ కొద్దిని చూసి ఏమీ చెప్పలేం అని తేల్చారు. పది పనుల్లో వేలు పెట్టే ప్రొటీన్ ఎవరి పక్కనైనా కనిపిస్తుంది. దాన్ని చూసి "ఇదీ ఆ పనే చేస్తుంది" అనేస్తే కొన్నిసార్లు సరిపోతుంది కూడా. సరిపోయింది కాబట్టి పద్ధతి గొప్పదనుకోవడం తప్పు.

కొత్తపట్నం_తీరం:
మేడం చెప్పిందే కరెక్ట్.

వింజమూరు_డేటా:
2002 నాటి డేటా పట్టుకుని ఇప్పటి పద్ధతులను కొట్టేస్తే ఎలా మేడం? ఇప్పుడు ఒక్క పద్ధతి మీద ఎవరూ ఆధారపడరు. జన్యువులు పక్కపక్కనే ఉండటం, రెండు కలిసిపోయి ఒకటిగా మారడం, ఒకే జీవుల్లో రెండూ ఉండటం, రెండూ కలిసి మాయమవడం, ప్రయోగాలు, పత్రాల్లో కలిసి కనబడటం అన్నీ కలిపి ఒక స్కోరు ఇస్తారు. నేను 0.9 దాటినవే తీసుకుంటా.

అల్లూరు_గుంటలు:
0.9 అంటే నూటికి తొంభై పాళ్లు నిజమనే కదా? నాకిచ్చిన కాగితం నూటికి నూరు అంది.

వింజమూరు_డేటా:
ఆ కాగితం వేరన్నా.

అల్లూరు_గుంటలు:
వేరంటే ఎట్టా? అదీ అంకెనే, ఇదీ అంకెనే. 0.9 నిజమైతే మిగతా 0.1 పడేది ఎవరి గుంటలో?

కోవూరు_వరి:
అల్లూరన్న అడిగినదానికి సూటిగా చెప్పండి.

వింజమూరు_డేటా:
సూటిగానే చెబుతా. 0.9 అంటే రెండు ప్రొటీన్లు గట్టిగా అతుక్కున్నాయని కాదు. వాటికి ఒకే పనిలో భాగం ఉందనే మాట నిజమయ్యే అవకాశం అంత అని. అవి ఒకదాన్నొకటి తాకకపోయినా 0.9 రావచ్చు. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే దారిలో మొదటి ఎంజైమూ చివరి ఎంజైమూ కలుసుకోకపోవచ్చు, ఒకే దారిలో మాత్రం ఉంటాయి. గుంటలో నష్టం వస్తుందా రాదా అని ఈ అంకె చెప్పదు. చెబుతుందని ఎవరైనా మీకు అమ్మితే వాళ్లను అడగండి, నన్ను కాదు.

అల్లూరు_గుంటలు:
ఈ ముక్క ఆ రోజు ఎవరన్నా నాకు చెప్పుంటే!

ఒంగోలు_ల్యాబ్:
స్కోరు సంగతి ఆయన చెప్పింది సరే. ఇప్పుడు రొయ్యకి వద్దాం. వైట్ స్పాట్ వైరస్ జన్యుక్రమం 2001లో చదివారు. 184 జన్యువులు ఉంటాయని లెక్క వేస్తే, అప్పటి డేటాబేసుల్లో వేరే జీవితో పోలిక దొరికినవి నూటికి ఆరే. మిగతా వాటికి ఏ జీవిలోనూ చుట్టాలు లేవు. చుట్టమే లేనప్పుడు ఏ జీవి నుంచి లంకె తెచ్చి అతికిస్తారు? మీ 12,535 జీవులు అక్కడ పనికిరావు.

ఆ వైరస్ గురించి గట్టిగా తెలిసింది ఎలాగో చూడండి. వైరస్ పైపొరలోని వీపీ28 ప్రొటీన్, టైగర్ రొయ్యలోని రాబ్7 ప్రొటీన్‌తో అతుక్కుంటుందని 2006లో థాయ్‌లాండ్ వాళ్లు ల్యాబులో పట్టుకున్నారు. తర్వాత ఆ జన్యువును అణిచే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను రొయ్యకు ఎక్కించి రాబ్7 తగ్గిస్తే వైరస్ కూడా తగ్గింది. ఆ ఒక్క లంకె గీత కోసం ఎవరో ట్యాంకుల్లో రొయ్యలు పెంచి, ఒక్కోదానికీ సూది వేసి, రాత్రులు నిద్ర మానుకుని ఉంటారు. డేటాబేస్‌లో అది ఒక గీతలా కనిపిస్తుంది అంతే.

వింజమూరు_డేటా:
మేడం, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ట్యాంకులు, సూదులు, డీప్ ఫ్రీజర్ ఉన్నవాళ్లే సైన్సు చేయాలా? నేను చదివిన డిగ్రీ కాలేజీలో సెంట్రిఫ్యూజ్ ఉండేది, మోటారు కాలిపోయి గుడ్డ కప్పి ఉండేది. ప్రాక్టికల్ రికార్డుల్లో బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకున్నాం. నేను ఒక్క ప్రొటీన్‌నైనా చూశానంటే అది కంప్యూటర్ వల్లే. నాలాంటివాడు ఏదైనా చెప్పినప్పుడల్లా "చేసి చూశావా" అంటారు. చేసి చూడటానికి ఎవరు చోటిచ్చారు? మీకు బెంచ్ ఉంది కాబట్టి మా పని మీకు ఊహల్లా కనిపిస్తోంది.

ఒంగోలు_ల్యాబ్:
నాకు బెంచ్ ఉందని మీకెవరు చెప్పారు?

రొయ్య కాలేయం-క్లోమం గ్రంథిలో ప్రొటీన్ల మీద నాకో ప్రాజెక్ట్ ఉండేది. పొడిగింపు అడిగితే కమిటీలో ఒక పెద్దాయన "ఇదంతా ఇప్పుడు నెట్‌వర్క్‌లో వచ్చేస్తోంది కదమ్మా, ముందు కంప్యూటర్‌లో చేసి చూపించు, ఖర్చు తక్కువ" అన్నారు. పొడిగింపు రాలేదు. ఫ్రీజర్‌లో దాచిన శాంపిళ్లు వేరే గదికి మార్చేటప్పుడు కరెంటు పోయి పాడయ్యాయి. నాతో పనిచేసిన అమ్మాయి మెడికల్ ల్యాబులో రక్త పరీక్షలు చేస్తోంది.

"ఇక ల్యాబుల్లో ప్రొటీన్ వెంట పడక్కర్లేదు" అని మీరు రాసిన మాట ఆ పెద్దాయన మాటే. అది చూడగానే ఒళ్లు మండింది. మీ పద్ధతి మీద కాదు నా కోపం. ఆ మాట పట్టుకుని డబ్బు ఆపేస్తారు. ఆపేశాక రొయ్యలో కొత్త గీత ఒక్కటి కూడా పుట్టదు. ఈస్ట్ నుంచి, ఈగ నుంచి తెచ్చి అతికించుకోవడమే మిగులుతుంది. ఈగకు లేని ప్రొటీన్, రొయ్యకు మాత్రమే ఉన్న ప్రొటీన్ ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతుంది. మన జీవి గురించి మనమే వెతకడం మానేస్తే ఇంకెవరు వెతుకుతారు?

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్లకండి. చర్చ కొనసాగించండి.

కావలి_మాస్టారు:
అమ్మా, కమిటీ మాట నాకూ కొత్త కాదు. నేను మొదట చెప్పిన ఎంసీయూ కథలో కూడా కంప్యూటర్ వేలెత్తి చూపించాక, దాన్ని కణంలో తగ్గిస్తే కాల్షియం లోపలికి వెళ్లడం ఆగిపోయిందని చూపించారు. అప్పుడే లోకం నమ్మింది. రైస్‌నెట్‌లోనూ అంతే. ఈ రెంటిలో ఏదీ ల్యాబు లేకుండా ముగియలేదు. కాబట్టి వింజమూరు బాబూ, "ల్యాబు అక్కర్లేదు" అనే మాటకు నీ ఉదాహరణలే అడ్డం వస్తున్నాయి.

వింజమూరు_డేటా:
ప్రతి ప్రొటీన్ వెంటా పడక్కర్లేదన్నాను మాస్టారూ, ల్యాబులు మూసేయమనలేదు. ఎవరో ఆ మాట వాడుకుని మేడం ప్రాజెక్ట్ ఆపితే ఆ తప్పు వాళ్లది. నాకూ బాధగానే ఉంది.

కానీ ఒకటి ఒప్పుకోను. మన జీవుల గురించి కంప్యూటర్ ఏమీ చెప్పలేదనకండి. అల్లూరన్నను ముంచిన ఈహెచ్‌పీనే తీసుకోండి. దాన్ని గుంటలోంచి తెచ్చి విడిగా సీసాలో పెంచడం కుదరదు, రొయ్య కణం లోపలే బతుకుతుంది. 2017లో దాని జన్యుక్రమాన్ని దాని చుట్టాల జన్యుక్రమాలతో పోల్చి చూశారు. గ్లూకోజ్‌ను విరగ్గొట్టి శక్తి తీసే దారి ఉంది కదా, ఆ దారిలోని ఎంజైములు వరసగా కనబడకుండా పోయాయి. ఒక్కటి పోతే చదవడంలో పొరపాటనుకోవచ్చు. ఒకే దారివి ఇన్ని పోయాయంటే ఆ దారే లేదు. అంటే తన శక్తి తాను తయారు చేసుకోలేదు, రొయ్య కణంలోని ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువును, లాక్కుని బతుకుతుంది. ఇది ఏ ప్లేటు మీద కాలనీ చూసి చెప్పారు మేడం?

అల్లూరు_గుంటలు:
ఏమన్నారూ? అది మా రొయ్య తిన్న మేతలో శక్తి లాక్కుంటోందా? అందుకేనా మేత అయిపోతున్నా కౌంట్ పడనిది?

ఒంగోలు_ల్యాబ్:
అన్నా, అది ఉన్నది కాలేయం-క్లోమం గ్రంథిలో. మేత అరిగేదీ, కొవ్వు నిల్వ ఉండేదీ అక్కడే. శక్తి దొంగతనం ఒక కారణం. ఆ గ్రంథి కణాలు పాడై రాలిపోవడం ఇంకో కారణం. ఏది ఎంత అని ఈ జన్యుక్రమం చెప్పదు.

వింజమూరు గారికి జవాబు. ఈ ఉదాహరణ బలమైనదే. లేనిదాన్ని చూసి చెప్పడంలో మీ పద్ధతి గట్టిది. ఉన్నదాన్ని చూసి చెప్పడంలో కాదు. ఏటీపీని లాక్కునే ప్రొటీన్లు ఫలానావని చుట్టాలను బట్టి అనుకుంటున్నాం. వాటిలో ఏది ఆపితే పరాన్నజీవి చస్తుందో కనిపెడితే కదా అన్నకి లాభం. అది రొయ్యలోనే చేసి చూడాలి.

దర్శి_రైతుబిడ్డ:
చెన్నైలో సీబా (ఉప్పునీటి రొయ్యలు, చేపల పెంపకం పరిశోధన సంస్థ) వాళ్లు మన తెల్ల రొయ్య జన్యుక్రమం కూడా చదివారు. ఎవరూ దాని ఊసెత్తలేదేం?

ఒంగోలు_ల్యాబ్:
మంచి మాట గుర్తుచేశారు. వెనామీ మనది కాదు, పసిఫిక్ అవతలి నుంచి వచ్చింది. తెల్ల రొయ్య మన తీరానిదే. జాబితా చేతిలో ఉంది. ఆ జన్యువులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో చెప్పే కొలతలు ఇంకా ఎన్నో కావాలి. నేను గోల పెడుతున్నది దానికే.

అల్లూరు_గుంటలు:
కొలతలంటే ఏం కావాలి మీకు? గుంటలో రొయ్యలా? నేనిస్తా. ఎదిగినవీ ఎదగనివీ ఒకే గుంటలో బోలెడు ఉన్నాయి.

వింజమూరు_డేటా:
అన్నా, నిజంగా ఇస్తారా? ఒకే గుంటలో ఒకే నీళ్లు, ఒకే మేత తిని కొన్ని ఎదిగి కొన్ని ఆగిపోవడం కంటే మంచి డేటా ఉండదు. ఏ జన్యువులు కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూసి రొయ్యదే సొంత నెట్‌వర్క్ కట్టొచ్చు. ఈగ నుంచి ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. కనీసం 20 శాంపిళ్లయినా ఉండాలి, అంతకు తగ్గితే లంకెలను నమ్మలేం.

ఒంగోలు_ల్యాబ్:
20 చాలవు. ఒక్క గుంటవి 20 తీసుకుంటే అది ఆ గుంట కథ అవుతుంది, రొయ్య కథ కాదు. ఈహెచ్‌పీ ఉన్నవీ లేనివీ పీసీఆర్‌తో వేరుచేయాలి, లేకపోతే జబ్బు లంకెల్ని ఎదుగుదల లంకెలనుకుంటారు. అసలు శాంపిల్ తీయడమే చూడండి. చెక్‌ట్రేలోంచి తీసిన రొయ్యను గట్టు మీద పెట్టి మాట్లాడుకుంటూ ఉంటే కుదరదు. ఆ గ్రంథిలో అరిగించే ఎంజైములు ఎక్కువ, ఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో పాడవుతుంది. గట్టు మీదే కోసి, గ్రంథి తీసి, నిల్వ ద్రావణంలో వేసి ఐస్‌లో పెట్టాలి. ఆ ద్రావణం ఖర్చు, సీక్వెన్సింగ్ ఖర్చు ఎవరు పెడతారో ముందు అది తేలాలి.

వింజమూరు_డేటా:
ముందు చిన్నగా మొదలుపెట్టి ఏదో ఒకటి చూపిస్తేనే కదా డబ్బు అడగగలం?

ఒంగోలు_ల్యాబ్:
చిన్నగా మొదలుపెట్టి తప్పు లంకెలు చూపిస్తే, ఆ తర్వాత ఎవరూ డబ్బివ్వరు. ఒకసారి చూశాను.

కావలి_మాస్టారు:
శాంపిల్ ఎలా తీయాలో మీరిద్దరూ కలిసి రాసి ఇక్కడ పెట్టండి. ఖర్చు లెక్క కూడా వేయండి. మా పాత విద్యార్థుల్లో రొయ్యల మేత వ్యాపారం చేసేవాళ్లున్నారు, నేను అడిగి చూస్తాను.

అల్లూరు_గుంటలు:
ఐస్ సంగతి నాకొదిలేయండి, పట్టుబడికి ఎట్టాగూ తెప్పిస్తా. వచ్చే పట్టుబడి తెల్లారుజామున ఉంటుంది, వారం ముందు చెబుతా. మేడం, గట్టు మీద కోయడానికి మీరు రావాలి, మావాళ్లకు ఆ గ్రంథి ఏదో తెలియదు. వింజమూరు తమ్ముడూ, నువ్వు కూడా రా. ఒక్కసారన్నా చెక్‌ట్రే ఎత్తి చూద్దువు.